గాలి బుడగ

హాలు నిండా ఉల్లిపాయ కణం వెలుగుబొమ్మై పరుచుకుని ఉంది. సోఫా ఎత్తున కేంద్రకం వెలుగుతోంది. తన్మయి ఏది ముట్టుకుంటే అది తన పేరూ, పనీ గడగడా చెబుతోంది.

"నీ పాఠం కాస్త పక్కకి జరుపవే, నడవడానికి దారి లేదు," అంది ఉల్లిపాయలు పట్టుకుని వంటింట్లోకి వెళ్తున్న అమ్మమ్మ వసుంధర. ఒకప్పుడు ఆవిడ బయాలజీ టీచరు.

"పాఠం అయిపోయింది అమ్మమ్మా. ఇంక అడగడానికేం లేదు."

ఆ మాట వసుంధరకి గుచ్చుకుంది. అటక మీది పాత మైక్రోస్కోపు దించి, కిటికీ దగ్గర పెట్టింది. ఉల్లిపాయ నుంచి పల్చటి పొర ఒలిచి, నీటి చుక్కలో పరిచి, పైన గాజుబిళ్ళ మూసింది.

తన్మయి కన్ను ఆనించింది. "గుండ్రంగా, నల్లటి అంచుతో ఏదో ఉంది. పేరు చెప్పదేం? కేంద్రకమా?"

వసుంధర వంగి చూసింది. గాజుబిళ్ళ కింద ఇరుక్కున్న గాలి బుడగ! ఏటా సగం క్లాసు దాన్నే గీసి, కేంద్రకమని రాసి, చూపించడానికి ఎగబడేది. కణాలకి అద్దే ఎర్ర రంగు అంటిన ఆ చిన్న చిన్న వేళ్ళన్నీ కళ్ళ ముందు మెదిలాయి. జవాబు నాలుక చివరిదాకా వచ్చింది.

"ఏమోనే, నువ్వే కనిపెట్టు," అంది పక్కకి జరిగి.

తన్మయి మళ్ళీ వంగింది. హాల్లో కణం ఆ పిల్లని పేరు పెట్టి పిలిచి పిలిచి, తనంతట తానే ఆరిపోయింది.