కింది వాటాలో విదేశం

నెత్తిమీద కుర్చీ జరిగిన చప్పుడైంది. టైలరమ్మ గబుక్కున నోరు మూసుకుంది.

"మధ్యలో శ్లాబుందే తల్లీ. మీ ఆయన చెవులు మరీ అంత పొడుగా?" అంది తూనీగ.

శ్లాబుందని టైలరమ్మకూ తెలుసు. భయానికి తెలియదు.

ఈపాటికి ఇద్దరూ పరదేశంలో, సముద్రం ఒడ్డున ఉండాలి. మొన్న టికెట్లు చవగ్గా దొరికాయంటూ తూనీగ ఎగురుకుంటూ పైకి వచ్చింది. శని, ఆదివారాలు అలా వెళ్ళొచ్చేద్దామంది. కళ్ళజోళ్ళ షాపులో పనిచేసే ఈ స్నేహితురాలు ఒకచోట నిలవదు, అందుకే ఆ పేరు. టైలరమ్మ పెళ్ళయ్యాక కుట్టుమిషను దాటి ఎరగదు. బిక్కుబిక్కుమంటూనే మొగుణ్ణి అడిగింది. ఆయన టీవీ మీంచి చూపు తిప్పకుండా, "వెళ్ళు, ఎవరొద్దన్నారు," అన్నాడు. ఎప్పుడూ లేనిది. ఆ రాత్రి ఆవిడకి సంతోషంతో కునుకు పట్టలేదు.

తీరా ఎయిర్‌పోర్టులో కౌంటరు అమ్మాయి ఆవిడ పాస్‌పోర్టు అట్టకి కత్తిరించిన మూల చూపించింది. గడువైపోయిన పాతది. కొత్తది ఇంట్లోనే ఉండిపోయింది. సొరుగులో చేతికి తగిలినదాన్ని హడావిడిగా సంచిలో పడేసుకున్నది తనే, ఇంకెవర్ని అంటుంది? వెనక్కెళ్ళి తెచ్చేలోగా విమానం ఎగిరిపోతుంది.

ఇంటికి మాత్రం వెళ్ళనంది. "నీ మతికి పక్కవీధే ఎక్కువ అంటాడే. ఇక జన్మలో గుమ్మం దాటనివ్వడు. ఆ కొత్తది ఆయన కంటబడకుండా ఉంటే చాలు."

అందుకని కింది వాటాలో, తూనీగ ఇంట్లో దాక్కున్నారు. కర్టెన్లు వేసేశారు. టీవీ లేదు, గట్టిగా నవ్వు లేదు, కుళాయి కూడా సన్నగానే. బాల్కనీలో బంగారంలాంటి ఎండ, అటు పోవడానికి లేదు. పైన ఆయన అడుగు ఎటు పడితే కింద ఆవిడ గుండె అటు పరిగెత్తింది.

ఫోను మోగింది. ఇద్దరూ బాత్‌రూములో దూరి తలుపేసుకున్నారు.

"సముద్రం ఎలా ఉంది?" అడిగాడు మొగుడు.

తూనీగ బకెట్లో చెయ్యి పెట్టి నీళ్ళు కలియబెట్టింది.

"పెద్దది," అంది టైలరమ్మ. "చాలా పెద్దది."

ఆయన నవ్వాడు. "బాగా చూడు. మళ్ళీ ఎప్పుడు చూస్తావో."

ఫోను పెట్టేశాక ఆవిడకి ఏడుపొచ్చింది. "అంత మంచిగా మాట్లాడాడే. పాపిష్టిదాన్ని, అబద్ధమాడాను."

ఆదివారం సాయంత్రం, పైన ఆయన స్నానానికి వెళ్ళిన చప్పుడు విని బయటపడింది. వీధి చివర టాక్సీ ఎక్కి, ఊరంతా ఒక చుట్టు తిరిగి, దర్జాగా గుమ్మం ముందు దిగింది.

మొగుడే తలుపు తీశాడు. పెట్టె అందుకున్నాడు. మంచినీళ్ళు కూడా ఇచ్చాడు.

"పాస్‌పోర్టు ఇలా ఇవ్వు, బీరువాలో పెడతాను," అన్నాడు.

కత్తిరించిన మూల కనబడకుండా బొటనవేలు అడ్డుపెట్టి అందించింది.

ఆయన దానివంక చూడనైనా చూడకుండా, తన చొక్కా జేబులోంచి ఆవిడ కొత్త పాస్‌పోర్టు తీసి, రెండింటికీ కలిపి రబ్బరుబ్యాండు వేశాడు.