అసలు మాట

“నేను అరగంట చెప్పాను. ఇక్కడ అర లైనుంది,” అంటూ తల్లి ఫోను తెచ్చి, గడ్డం గీసుకుంటున్న కొడుకు ముక్కు కిందికి తోసింది.

కొడుకు ఒక దినపత్రికలో సబ్ ఎడిటర్. కంటి ఆపరేషన్ అయినప్పటి నుంచీ తల్లి చెబుతుంటే మెసేజులు టైపు చేసేది అతనే. తొమ్మిదేళ్లుగా ముఖం చూసుకోని తన అక్కకు ఆవిడ నిన్ననే మొదటిసారి కబురు పెట్టించింది. పొద్దున్నే దాన్ని కోడలు చదివి వినిపించేసరికి గుట్టు రట్టయింది.

“కుదించానమ్మా.”

“కుదించడమంటే?”

“అసలు మాట ఉంచి, సోది తీసెయ్యడం. ఆఫీసులో రోజూ నలభై వార్తలకి చేసేదదే.”

“లిఫ్టు పనిచెయ్యట్లేదన్నాను. నీళ్లు రోజు విడిచి రోజన్నాను. కోడలికి నడుంనొప్పన్నాను. ఎండలు తగ్గాక చూద్దామన్నాను. ఇదంతా సోదా?”

“నా నడుం బాగానే ఉందత్తయ్యా,” అంది కోడలు వంటింట్లోంచి.

“నువ్వూరుకో. అన్నీ కోసేసి, ‘అక్కా, వచ్చెయ్’ అని పంపుతాడా? నేనే ముందు దిగొచ్చాననుకోదూ?”

అంతలో ఫోను కూసింది. కొడుకు నురగ చేత్తోనే అందుకుని చదివాడు. ‘రేపు బయల్దేరుతున్నా.’

తల్లి గదిలోకి వెళ్లి తలుపేసుకుంది.

కొడుకు గడ్డం సగంలోనే వదిలేశాడు. మంత్రుల ఉపన్యాసాలనే ముప్పై మాటల్లో ముగించేవాడు, ఆ పూటంతా కూర్చుని పెద్దమ్మకు సవరణ రాశాడు. లిఫ్టు, నీళ్లు, నడుం, ఎండలు, ఒక్కటీ వదల్లేదు. పైగా తన తరఫున రెండు క్షమాపణలు కూడా చేర్చాడు. పుట్టి బుద్ధెరిగాక అతని చేతిలో ఒక రాత పెరగడం అదే మొదలు.

మధ్యాహ్నం డ్యూటీకి వెళ్లబోయే ముందు, భోజనాల దగ్గర అంతా చదివి వినిపించాడు.

“ఒక్క ముక్క పోలేదమ్మా. పంపనా?”

తల్లి కంచంలోంచి తలెత్తలేదు.

“వద్దు. అక్క నా మంచం మీద పడుకుంటుంది. నేను కింద పక్కేసుకుంటా.”

కోడలు వడ్డిస్తున్న గరిటె గాల్లోనే ఆగింది.

“మరి నిన్న అన్నన్ని చెప్పావు కదమ్మా?”

“ఆ ఒక్క మాటా నోట రాకే కదురా, అన్ని చెప్పింది.”