కాఫీ మరక ఏమైంది?

"ముక్కూ మొహం తెలియని వాళ్ళ చేతి అన్నం నేను తిననమ్మా. మీరేమీ అనుకోకండి" అన్నాడు బంగార్రాజు, కంచాన్ని మర్యాదగానే పక్కకి జరుపుతూ.

నలభై ఏళ్ళుగా ఆ చేతి అన్నమే తింటున్నాడు మహానుభావుడు! సూర్యకళ కంచం వైపు దిగులుగా చూసింది. మామిడికాయ పప్పు మీద నెయ్యి పేరుకుపోతోంది. పొద్దుట తిన్న ఇడ్లీ తప్ప ఆయన కడుపులో ఏమీ లేదు. అన్నం తింటేగాని మాత్ర వెయ్యకూడదు. మాత్ర పడకపోతే నిద్రపోడు, అందరూ పడుకున్నాక తలుపు తీసుకుని వీధిన పడి వెళ్ళిపోతాడు.

"పోనీ, మీ ఆవిడొచ్చి పెడితే తింటారా?"

"భలేవారే, ఎందుకు తినను? పాలకొల్లు పుట్టింటికి వెళ్ళిందండి. ఈపాటికి వచ్చేస్తూ ఉంటుంది" అంటూ వీధిలోకి చూశాడు.

వీధికి అవతల కాలవ. ఎండాకాలమని నీళ్ళు కట్టేశారు. అడుగున మిగిలిన బురదలో గేదెలు కదలకుండా పడుకున్నాయి. వాటి వీపుల మీద సాయంత్రపు ఎర్రటి వెలుగు మెల్లగా ఆరిపోతోంది. నిడదవోలు వైపు పోయే రైలు కూత ఎక్కడో నిద్రలో వినిపించినట్టు వినిపించి ఆగిపోయింది.

గదిలో టీవీ నీలంగా వెలుగుతోంది. రోజూ ఆ వేళకి వచ్చే సీరియల్లో డాక్టరు హీరో కాలయంత్రం ఎక్కాడు. యంత్రం గిర్రున తిరిగింది. వందేళ్ళ వెనక తలుపు తెరుచుకుంది. పొగలోంచి హీరో దిగాడు.

"చూశారా అండీ!" బంగార్రాజు వేలెత్తి చూపించాడు. "ఎక్కినప్పుడు చొక్కా జేబు మీద కాఫీ మరకుంది. దిగేసరికి లేదు. దారిలో ఎవరుతికారంటారు?"

"నమ్మేసి చూడాలండీ. అన్నీ తవ్వుకుంటూ పోతే ఇంక కథేం మిగులుతుంది?" అంది సూర్యకళ అలవాటు కొద్దీ.

కాలవ లాకుల దగ్గర తలుపులు ఎత్తి దించే లస్కరుగా పనిచేసినన్నాళ్ళూ తలుపు సందులోంచి చుక్క నీరు కారినా ఊరుకోని మనిషి. సినిమా హాల్లోనూ అంతే. ఆయన వంకలకి ముందు సీట్లవాళ్ళు వెనక్కి తిరిగి కసిరితే ఆవిడకి తల కొట్టేసినట్టయ్యేది. ఇప్పుడు పేర్లు పోయాయి, మొహాలు పోయాయి, నిన్నా మొన్నా కూడా పోయాయి. వంకలు పెట్టడం ఒక్కటే మిగిలింది, ఖర్మ!

ఆవిడ కుర్చీ దగ్గరికి జరుపుకుంది.

"నేనే మీ ఆవిణ్ణండీ."

"ఊరుకోండమ్మా! మా ఆవిడకి పాతికేళ్ళు. మీకు మా అత్తగారి వయసుంటుంది."

"రాబోయే కాలంలోంచి వచ్చాను. అదిగో, ఆ యంత్రంలోనే."

బంగార్రాజు టీవీ వైపు చూశాడు, ఆవిడ వైపు చూశాడు.

ఈ కథ ఇవాళ కొత్తగా పుట్టింది కాదు. వారం రోజులుగా ఇదే ఆయన చేత నాలుగు ముద్దలు తినిపిస్తోంది. తెల్లారేసరికి ఆయనకి కథా గుర్తుండదు, చెప్పిన ఆవిడా గుర్తుండదు. అందుకే రోజుకో రకంగా చెబుతోంది. మొన్న యంత్రాన్ని కొబ్బరితోటలో దింపింది. నిన్న కాలవలో మోకాలిలోతు నీళ్ళల్లో దింపి, చీర కుచ్చిళ్ళు తడిపేసుకుంది. గుర్తుండని మనిషికి ఎలా చెబితే ఏంటి? చెబుతున్నంతసేపూ మాత్రం లోపల ఒకటే మొర. దేవుడా, నిన్నటిది ఒక్కటి, ఏదో ఒక్క ముక్క, ఈయనకి గుర్తుండనీ!

"ఎలా ఉంటుందండీ ఆ ప్రయాణం?" అడిగాడు ఆయన.

"రైల్లో కిటికీ పక్కన కూర్చున్నట్టే. స్టేషన్లకి బదులు ఏళ్ళు వెనక్కి పోతుంటాయి. మన ఇంటికి స్లాబు వేసిన ఏడు వెళ్ళిపోయింది. తర్వాత పెద్ద వరదొచ్చిన ఏడు. మీరు తలకి తువ్వాలు చుట్టుకుని వానలో లాకుల మీద నిలబడి ఉన్నారు. చెయ్యి ఊపాను. మీరు చూళ్ళేదు."

"అయ్యో" అన్నాడు ఆయన నిజంగానే నొచ్చుకుని.

"ఆ తర్వాతంతా మల్లెపూల వాసన. మన పెళ్ళిపందిరి కనిపించేసరికి యంత్రం నెమ్మదించింది. కాలవ గట్టు మీద, ఇసకలో, మెత్తగా దిగాను."

బంగార్రాజు మళ్ళీ టీవీ వైపు తిరిగాడు. ఆయన కళ్ళల్లో టీవీ వెలుగు చిన్నగా కదులుతోంది.

"మరి అక్కడ, ఆ రాబోయే కాలంలో, నేనున్నానా అండీ?"

"ఉన్నారు."

"ఎలా ఉన్నాను?"

"బాగున్నారు. కాస్త మతిమరుపు."

"మిమ్మల్ని కష్టపెడుతున్నానా?"

సూర్యకళ చూపు కంచం మీదికి మళ్ళింది. "లేదండీ. వేళకి అన్నం తినరు, అంతే."

"తప్పు కదండీ అది" అన్నాడు ఆయన. ఆ తప్పేదో తానే దిద్దాలన్నట్టు కంచం దగ్గరికి లాక్కుని, పప్పు కలిపి, వడియం విరుచుకుని తినడం మొదలుపెట్టాడు. అన్నం అయ్యాక ఆవిడ అరచేతిలో పెట్టిన మాత్ర కూడా మారుమాట లేకుండా మింగేశాడు.

అమ్మయ్య, ఈ పూట గడిచింది. సూర్యకళ టీవీ కట్టేసి, ఖాళీ కంచం తీసుకుని వంటింటి వైపు నడిచింది. రేపు యంత్రాన్ని ఎక్కడ దింపాలా అని ఆలోచిస్తూ గుమ్మం దాటబోతుంటే వెనక నుంచి ఆయన గొంతు వినిపించింది.

"ఏమే కళా! ఇవాళ గట్టు మీద దిగానన్నావు, బానే ఉంది. మరి నిన్న మోకాలిలోతు నీళ్ళల్లో దిగానన్నావేంటి? కాలవ కట్టేశారు కదే!"