బీట పడిన గుడ్డు

ఏనాటి మాటో గానీ, ఒక పెరట్లో ఓ ఉడుత పిల్ల ఉండేది. వాళ్లమ్మ కాలు విరిగి తొర్రలో పడి ఉంది. అందుకని పిల్లే ఇరుగుపొరుగు వాళ్లకు పనులు చేసి గింజలు తెచ్చేది.

ఆ రోజు గంపలో గుడ్లు పొదుగుతున్న కోడి, "మేతకెళ్లొస్తా, గుడ్లు చూస్తుండు. నాలుగు జొన్నలిస్తా. ఒక్కటి పగిలినా ఊరుకోను!" అని వెళ్లింది.

కాసేపటికి ఒక గుడ్డు మీద సన్నగా బీట పడింది. తను ముట్టుకోనైనా లేదే! పిల్ల పరుగున తడిమట్టి తెచ్చి మెత్తింది. పక్కనే మళ్లీ పగిలింది. మళ్లీ మెత్తింది. ఇక జొన్నలు రావు. అమ్మకేం పెట్టాలి?

కోడి రాగానే ఏడ్చేసింది. "పగిలిపోయింది కోడత్తా! జొన్నలొద్దు, నన్ను పొడవకు."

కోడి గబగబా మట్టి గీకింది. పెంకులోంచి తడితల ఒకటి బయటికొచ్చి కీచుమంది.

"పిచ్చిదానా, పిల్ల బయటికొస్తుంటే మూసేస్తావటే!" కోడి వణుకుతూనే నవ్వి, జొన్నలిచ్చింది.

"అత్తా, మిగతావి కూడా ఇలాగే భయపెడతాయా?"

"గుడ్డులో ఉన్నదాని కోసమే నాకింత భయమైతే, పొద్దున్నే ఇల్లు కదిలిన నీకోసం మీ అమ్మకెంత ఉండాలే?"

ఉడుత పిల్ల జొన్నలు బుగ్గన పెట్టుకుని ఒకటే పరుగు.