ఒంటి బూట్లు

"అన్నీ ఒంటి కాలివే సార్! వీటిని దొంగ కూడా ముట్టుకోడు, నేనేం చేసుకోను?"

పాత సామాన్లవాడు బండి మీది గోనెసంచిలో చెయ్యి పెట్టి కెలికాడు. ఒక్క జతా దొరకలేదు.

"ఊరికే పట్టుకుపోవయ్యా. గోదాము ఖాళీ అయితే చాలు," అన్నాడు కొట్టు పెద్దాయన కొడుకు.

ఆ బూట్ల కొట్టు పెట్టిన పెద్దాయన పోయి తొమ్మిది రోజులు. కొడుకు కంట చుక్క నీరు రాలేదు. కొయ్యబొమ్మలా పనులు చేసుకుపోతున్నాడు.

సాయంత్రం వర్తక సంఘంలో సంతాప సభ. కొడుకుగా నాలుగు మాటలు చెప్పమన్నారు. కాగితం మీద మూడు ముక్కలే పడ్డాయి. సైన్యంలో పన్నెండేళ్ళు, కొట్టులో నలభై ఏళ్ళు, ముగ్గురు పిల్లల పెంపకం.

అంతవరకు వీధిలో ఎవరినడిగినా చెబుతారు. కొడుకు మాత్రమే చెప్పగలిగే మాట ఒక్కటీ తోచలేదు. అదే అతని గుబులు.

అతనికే తెలిసింది ఒకటుంది గానీ, అది సభలో చెప్పేది కాదు. రెండేళ్ళ కిందట ఈ ఒంటి బూట్ల గుట్ట చూసి, "నీకు మతి తప్పింది నాన్నా! జతలన్నీ పాడు చేశావు. ఇక ఇంట్లో కూర్చో," అని తాళంచెవులు లాక్కున్నాడు. ఆయన ఏదో చెప్పబోయినా వినలేదు.

"ఆగు బాబూ, ఆ సంచి ఓసారి చూడనీ."

గుమ్మంలో చంకకర్ర మీద ఆనుకుని ఒక వృద్ధుడు. కుడి కాలు మోకాలి కింద లేదు. సంచిలోంచి ఎడమ బూటు ఒకటి ఏరి, మడమ దగ్గర నొక్కి చూశాడు.

"నా కొలతే. పెద్దాయన లేరా?"

"పోయారు. తొమ్మిది రోజులైంది."

వచ్చినాయన బల్ల మీద కూలబడ్డాడు.

"నాన్న మీకు ఒక్క బూటే అమ్మేవారా?"

"ఒంటి కాలివాణ్ణి, జత కొని ఏం చేసుకోను బాబూ? ఎడమది నాకిచ్చి, కుడిదాన్ని ఆ కొలత కుడి కాలు మాత్రమే ఉన్నవాడు దొరికేదాకా దాచేవారు. నాలాంటివాళ్ళం ఎంతమందిమో! మీతో చెప్పలేదా?"

"నేను చెప్పనివ్వలేదు."

కొడుకు కింద పడిన బూటు ఒకటి తీసి, దుమ్ము తుడిచి లోపల పెట్టాడు.

పాత సామాన్లవాడు ఎవరూ చెప్పకుండానే సంచులు బండి మీంచి దించడం మొదలుపెట్టాడు.

"సాయంత్రం సభకి మీరూ రండి," అన్నాడు కొడుకు. "సైన్యంలో నాన్నతో కలిసి పనిచేసి ఉంటారు. మీరైతే నాలుగు మాటలు బాగా చెబుతారు."

వచ్చినాయన తల అడ్డంగా ఊపాడు.

"కలిసి కాదు బాబూ, ఎదురుగా. నేను అవతలి సైన్యం. నా కాలు తీసింది మీ నాన్న పాతిన మందుపాతరే. యుద్ధం ముగిశాక నన్ను వెతుక్కుంటూ వచ్చి, ఆ మాట తన నోటితోనే చెప్పి, మిగిలిన కాలికి కొలత తీసుకున్నారు. ఈ కొట్టు పెట్టింది ఆ తర్వాతే."