దారిలో ఆగితే

“దారిలో మోటారు సైకిలు ఆగింది, పెట్రోలు రావడం లేదు. ఇప్పుడేం చేస్తావ్?” అడిగారు మామగారు, కుర్చీలో కాళ్ళు చాపుకుని.

“పెట్రోలు ట్యాపు రిజర్వులోకి తిప్పుతాను మామయ్యా,” అన్నాడు అల్లుడు.

“తిప్పావు. అయినా రాలేదు.”

“కార్బురేటరు దగ్గర పైపు ఊడదీస్తాను. ధార కడితే పైనంతా బాగున్నట్టే, తంటా కార్బురేటర్లో. కట్టకపోతే ఫిల్టరు మారుస్తాను. అదీ కాదంటే...” అల్లుడు నెత్తి గోక్కున్నాడు.

వరండాలో బీన్స్ తరుగుతున్న అత్తగారు తలెత్తకుండానే అందుకున్నారు. “అదీ కాదంటే రోడ్డు పక్కన కూర్చుని ఏడుస్తారు.”

లోపలినుంచి అతని భార్య పకపకా నవ్వింది.

ఏటా సెలవుల్లో పాత మిత్రులంతా బళ్ళేసుకుని, కొండలు దాటి సముద్రం దాకా వెళ్ళిరావడం ఆ ఇంటి ఆనవాయితీ. మామగారు ఇరవై ఏళ్ళలో ఒక్కసారి కూడా మానలేదు. ఈసారి మోకాళ్ళు మొరాయించాయి. డాక్టరు బండి ఎక్కొద్దని ఖరాఖండిగా చెప్పాడు. కూతురికేమో బండి పేరెత్తితేనే నడుం నొప్పి. దాంతో అల్లుడికి ఆశ పుట్టింది.

ఆశకి కారణం సముద్రం కాదు. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆ ఇంట్లో అతనికి దొరికింది మర్యాద ఒక్కటే. సోఫాలో కూర్చోబెడతారు, కాఫీ చేతికందిస్తారు, చిన్న పని ముట్టుకోబోయినా “మీకెందుకు బాబూ” అంటారు. ఆ మర్యాద భరించలేక ప్రాణం విసిగిపోయింది. ఈ ప్రయాణం చేస్తే తను కూడా ఈ ఇంటి మనిషైపోతానని గట్టిగా నమ్మాడు. అందుకే మామగారి దగ్గర శిష్యరికం మొదలుపెట్టాడు.

అడ్డల్లా ఒక్కటే. అత్తగారు ఊ అనాలి. ఆ బండి విషయంలో ఆవిడ మాటే శాసనం.

ఆవిడ లేచి వచ్చి, గోడ పక్కనున్న సంచీని కాలితో కదిపి చూశారు. అది కదల్లేదు. “ఇదేమిటి బాబూ ఇంత మూట?”

“స్పేరు సామానండీ. పెట్రోలు పైపు, క్లిప్పులు, ఫిల్టర్లు, ప్లగ్గు, ఇంకో ట్యాపు, ఇంకో కార్బురేటరు...”

“ఇంకో బండి కూడా వేసుకోండి.”

“జాగ్రత్త కోసమని...”

“కొండెక్కాలి బండి. పైపు, క్లిప్పులు, ఫిల్టరు, ప్లగ్గు చాలు. మిగతాది అటకెక్కించండి. రేపు పొద్దున నేను బండి పాడుచేసి పెడతాను. మీరు బాగుచేయాలి. చేస్తే ప్రయాణం. లేదంటే హాయిగా సోఫాలో కూర్చుని కాఫీ తాగండి.”

ఆ సోఫా మాట అల్లుడికి కలుక్కుమంది. మామగారు అతని చెవిలో గుసగుసలాడారు. “అప్పట్లో నాకూ ఇదే పరీక్ష పెట్టిందోయ్. ఆ తర్వాతే ఒప్పుకుంది.”

మర్నాడు అల్లుడు స్టార్టరు నొక్కగానే బండి చక్కగా అంటుకుంది.

“బానే ఉందిగా అత్తయ్యా!”

“తొందరెందుకు? చూడండి.”

కాసేపు బుద్ధిగానే ఆడింది. ఆ తర్వాత గురగురమని, రెండుసార్లు ఎక్కిళ్ళు పెట్టి ఆగిపోయింది. అల్లుడు ట్యాపు తిప్పాడు. ఫలితం లేదు. పైపు ఊడదీశాడు. నాలుగు చుక్కలు రాలి ఆగిపోయాయి. హమ్మయ్య, ఫిల్టరే అనుకుని కొత్తది వేశాడు. మళ్ళీ అవే నాలుగు చుక్కలు. చొక్కా చెమటకి వీపుకి అంటుకుపోయింది. భార్య కిటికీలోంచి జాలిగా చూస్తోంది. మామగారికి నోరు దురద పెడుతోంది కానీ, అత్తగారి చూపుకి జడిసి గుక్కిళ్ళు మింగుతున్నారు.

“ఒప్పేసుకోండి బాబూ, తప్పేం లేదు,” అన్నారు అత్తగారు.

“ఆగండత్తయ్యా.” అల్లుడు రెండు చేతులూ తుడుచుకుని, ఓ క్షణం కళ్ళు మూసుకున్నాడు. అసలు ట్యాంకులో పెట్రోలుందా? మూత తీశాడు. సుయ్‌మని గాలి లోపలికి పోయింది. మరుక్షణం, వేలాడుతున్న పైపులోంచి పెట్రోలు అతని పాదం మీదకి ధారకట్టింది.

“దొరికింది!” ట్యాపు కట్టేసి కేక పెట్టాడు. “మూతకున్న గాలి బెజ్జం మూసుకుపోయింది! లోపలికి గాలి పోకపోతే పెట్రోలు కిందికెలా దిగుతుంది?” మూత తిరగేసి బెజ్జంలో గోరుతో గీకాడు. తెల్లగా ఏదో ఊడి వచ్చింది. “సబ్బా అత్తయ్యా?”

“బట్టల సబ్బే. దీనికోసం ఒంటి సబ్బు పాడుచేస్తానా?”

మామగారు చప్పట్లు కొట్టారు. అత్తగారు మాత్రం అల్లుడిని ఎగాదిగా చూసి, మెల్లగా అన్నారు. “బండి ఆగితే ఏమీ కాదు. మనిషి బెంబేలెత్తితేనే ప్రమాదం. నువ్వు బెంబేలెత్తలేదు. పో, చేతులు కడుక్కునొచ్చి నిన్న మిగిలిన బీన్స్ తరుగు.”

ఆవిడ తనను నువ్వు అనడం, పని చెప్పడం అదే మొదటిసారి. అల్లుడు అంత ఆనందంగా జీవితంలో ఎప్పుడూ కూరగాయలు తరగలేదు.

ప్రయాణం నాటి ఉదయం వీధి మలుపులో మిత్రుల బళ్ళు హారన్లు కొడుతున్నాయి. మామగారు చేతికర్రతో గేటు దాకా వచ్చి, అల్లుడి భుజం తట్టారు. “నా చోటు నీకిస్తున్నాను. పరువు నిలబెట్టు.” భార్య వచ్చి, అతని జాకెట్ జిప్పు మెడ దాకా లాగి, “రోజూ ఫోన్ చెయ్యండి,” అంది.

అల్లుడు పైపులు, క్లిప్పులు మరోసారి తడిమి చూసుకుని, మూత బెజ్జంలోకి తొంగిచూసి, “అంతా సిద్ధం అత్తయ్యా,” అన్నాడు.

“మరింకేం, వెనకెక్కు,” అన్నారు అత్తగారు, బండి స్టార్ట్ చేస్తూ.