పాముచెవి

"ఎడమ పక్క చచ్చింది!"

పాముచెవి అరిచిన అరుపుకి వంటింట్లో భార్య చేతిలో గరిటె జారిపడింది.

పాత హెడ్‌ఫోన్లు పోగుచేసే పిచ్చివాళ్లంతా కలిసి అతనికి పెట్టిన పేరది. తగిలించుకుని ఒక్క పాట వింటే చాలు, లోపలి స్పీకర్ అసలుదో, ఎవరైనా మార్చారో చెప్పేస్తాడు. వాళ్లలో అతని మాటే తీర్పు. అతను ఔనంటే అటక మీది చెత్త అద్దాల బీరువాలోకి ఎక్కుతుంది. కాదంటే బీరువాలోది చెత్తబుట్టలోకి దిగుతుంది.

చెయ్యి మాత్రం అక్క మొగుడిది. టంకం పెట్టడంలో బావని మించినవాడు లేడు. ఏళ్ల తరబడి ఇతని చెవి, బావ చెయ్యి. అలా ఎన్ని మూగ హెడ్‌ఫోన్లకు మాటలొచ్చాయో లెక్కలేదు.

ఈ హెడ్‌ఫోన్ మూతబడిన రేడియో స్టేషన్ నుంచి ఎవరెవరి కాళ్లో పట్టుకుని సంపాదించింది. ఎడమ కప్పు దగ్గర తీగ తెగి ఉంటే బావకిచ్చాడు. ఇవాళ పొద్దున్నే తిరిగొచ్చింది. తోలు పట్టీ నిగనిగలాడుతోంది. చెవి దిండ్లు కొత్తవి. ఉన్న ఒక్క తీగా ఎడమ కప్పులోంచి బుద్ధిగా వేలాడుతోంది. తీరా పెట్టుకుంటే, కుడి పక్క కచేరీ, ఎడమ పక్క శ్మశానం.

టేప్‌రికార్డర్ మార్చాడు. రేడియోకి తగిలించాడు. ఊహూఁ.

"అసలు స్పీకర్ నొక్కేసి డొక్కుది బిగించాడు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టాడే!"

భార్య ఎడమ పక్కకొచ్చి ఏదో గొణిగింది.

"నోట్లో నీళ్లు పోసుకుని మాట్లాడతావేం?"

ఆవిడ నుదురు కొట్టుకుని లోపలికి పోయింది.

కుడి చేతిలో హెడ్‌ఫోన్ అలాగే ఉంది. ఎడమ చేత్తోనే బావకి ఫోన్ చేసి చెవికి ఆనించాడు. బావ ఎత్తాడు. ఎత్తినట్టు తెర చెబుతోంది. అటునుంచి మాత్రం ఉలుకూ లేదు, పలుకూ లేదు.

"మాట్లాడవేం? దొరికిపోయాననా?"

మౌనం అర్ధాంగీకారం. ఫోన్ కట్ చేశాడు. కోపానికి చెవిలో హోరు పుట్టింది.

బావ దుకాణానికి విసవిసా నడుస్తుంటే, ఎడమ పక్కనుంచి ఓ సైకిల్ మోచెయ్యి రాసుకుంటూ దూసుకుపోయింది.

"బెల్లు కొట్టడానికేం రోగం?"

సైకిలాయన వెనక్కి తిరిగి, బెల్లు మీదున్న బొటనవేలు చూపిస్తూ ఏదో తిట్టాడు. లోకమంతా ఒకటే బాపతు అనుకున్నాడు పాముచెవి.

బావ దుకాణం నిండా టంకం పొగ. కౌంటర్ దగ్గర అక్క ఎవరివో పాత ఇయర్‌బడ్స్ ముందేసుకుని, సూదితో గులిమి గీకుతోంది.

"ఏమోయ్ బావమరిదీ, ఫోన్లో ఏంటా కేకలు?" అన్నాడు బావ.

"నా ఎడమ స్పీకర్ ఎక్కడ?"

"ఎక్కడుంటుంది? ఎడమ కప్పులో."

"వేళాకోళం వద్దు బావా. అది చచ్చింది. అసలుది ఎవడికి కట్టబెట్టావ్?"

బావ హెడ్‌ఫోన్ తీసుకుని, బల్ల మీది టేప్‌రికార్డర్‌కి తగిలించి విన్నాడు. తల ఊపాడు.

"రెండు పక్కలా గంటలా మోగుతుంటేనూ!"

"నా చెవిలోనే పువ్వు పెడతావా?"

బావ హెడ్‌ఫోన్ మెడలోకి జార్చుకుని లేచాడు. దగ్గరకొచ్చి అతని ఎడమ భుజం మీద చెయ్యేసి పెదాలు కదిపాడు. అంతా గొణుగుడే. దొంగకి గొంతెక్కడ పెగులుతుంది?

ఆ చేతిని విదిలించి కొట్టాడు పాముచెవి.

"ఏరా తమ్ముడూ, మా ఆయన్ని దొంగంటున్నావా?" అక్క సూది పడేసి లేచింది. "ఆ దిండ్లు వేళ్లు పొడుచుకుని నేను కుట్టానురా!"

"నువ్వు మధ్యలో రాకక్కా. నీ మొగుడి తాళానికి నువ్వు చిందెయ్యక ఏం చేస్తావులే."

జేబులోంచి ఫోన్ తీశాడు. హెడ్‌ఫోన్ల వాళ్లందరి గ్రూపు తెరిచాడు. బావ దుకాణానికి వచ్చే పనంతా అక్కణ్ణుంచే. టకటకా కొట్టాడు: 'మా బావ దొంగ. అసలు స్పీకర్లు మార్చేస్తున్నాడు. ఎవరూ పని ఇవ్వకండి.'

అక్క ఫోన్‌లోకి తొంగిచూసింది. "ఒరేయ్, అది పంపావంటే ఈ షట్టర్ మళ్లీ లేవదురా. మా పొట్ట కొట్టకు."

"నా చెవి తప్పు చెప్పడం ఎప్పుడైనా చూశావా?"

పంపేశాడు.

జవాబులు వరస కట్టాయి. ఛీ అన్నవాడొకడు. నాదీ తిరిగిచ్చెయ్యమన్నవాడొకడు. నిజమేనా అని ఒక్కడూ అడగలేదు. పాముచెవి మాట మరి!

బావ స్టూలు మీద కూలబడ్డాడు. అక్కకి ఒళ్లు మండిపోయింది. మొగుడి మెడలోంచి హెడ్‌ఫోన్ లాగి, తమ్ముడికి ఎదురుగా నిలబడి, మొట్టికాయ వేసినట్టు నెత్తిన అదిమింది.

"విను! విని చావు!" అంటూ టేప్‌రికార్డర్ సౌండు పూర్తిగా పెంచేసింది.

కుడి చెవిలో పాట భళ్లుమంది. ఎడమ పక్క అదే శ్మశానం.

"చచ్చిందంటే నమ్మరేం!" గెలిచినవాడిలా అరిచాడు. పట్టుకుని పీకి పారేద్దామని తీగ కోసం ఎడమ భుజం తడుముకున్నాడు. చేతికి తగల్లేదు.

తీగ కుడి భుజం మీద వేలాడుతోంది. అక్క కోపంలో తిరగేసి పెట్టిన హెడ్‌ఫోన్‌లో, చచ్చిందని అతను లోకమంతా చాటిన ఆ ఎడమ స్పీకరే ఇప్పుడు అతని కుడి చెవిలో గొంతెత్తి పాడుతోంది.